ఒకే టీఎస్‌హెచ్, రెండు దారులు: థైరాయిడ్ కణంలో కాల్షియం ఏం చేస్తుంది?

థైరాయిడ్ రిపోర్టు ఒక్కటైనా లేని ఇల్లు ఈ రోజుల్లో తక్కువే. మా ఇంట్లో అమ్మది ఆరు నెలలకొకటి వస్తుంది. అందులో మూడు వరుసలుంటాయి: టీ3, టీ4, టీఎస్‌హెచ్. టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ సరిగ్గా పనిచేయట్లేదని, బాగా తగ్గిపోయిందంటే మరీ ఎక్కువ పనిచేస్తోందని అందరం నేర్చేసుకున్నాం. ఇంజనీరింగ్ వాళ్ళకి ఇది కొత్తేం కాదు, మామూలు ఫీడ్‌బ్యాక్ లూపే. మెదడు కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి, రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎంతుందో చూసుకుంటుంది. తక్కువైతే టీఎస్‌హెచ్ ఎక్కువ పంపుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. ఏసీలో థర్మోస్టాట్ చేసే పని లాంటిదే.

ఆ లూపు బొమ్మ గీస్తే టీఎస్‌హెచ్ నుంచి థైరాయిడ్ వైపు ఒక బాణం గుర్తు పెడతాం. ఈ వ్యాసమంతా ఆ ఒక్క బాణం గురించే. ఎందుకంటే టీఎస్‌హెచ్ అసలు కణం లోపలికి వెళ్ళదు. గుమ్మం దగ్గరే ఆగి, తలుపు మీద కొట్టి ఊరుకుంటుంది. మరి లోపల ఉన్న యంత్రాలకి ఆ కబురు ఎవరు మోస్తారు? ఇద్దరున్నారు. ఒకటి సైక్లిక్ ఏఎంపీ, రెండోది కాల్షియం. మొదటిదాని గురించి ఏ ఫిజియాలజీ పుస్తకం తెరిచినా పేజీలు పేజీలు ఉంటుంది. రెండోదాన్ని చాలాచోట్ల ఒకటి రెండు లైన్లలో దాటేస్తారు. నాకు పట్టుకున్నది ఆ రెండోదే. అది మనం అనుకునే ఆన్ స్విచ్ లాంటిది కాదు. హార్మోను తయారీని ముందుకు తోస్తుంది, కానీ తయారైన హార్మోను విడుదలని కాస్త వెనక్కి పట్టి ఉంచుతుంది. ఒకే హార్మోను ఇచ్చిన ఒకే ఆర్డరులో ఈ రెండూ ఎలా ఇమిడాయి అన్నదే ఇక్కడి విషయం. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని, పదో తరగతి తర్వాత బయాలజీ మొహం చూడని వాళ్ళని మనసులో పెట్టుకునే రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చేద్దాం. కాల్షియం, థైరాయిడ్ అనే రెండు మాటలు పక్కపక్కన వినగానే ఇంట్లో వాళ్ళకి వచ్చే మొదటి అనుమానం, "అయితే కాల్షియం బిళ్ళలు వేసుకుంటే థైరాయిడ్ బాగుపడుతుందా?" అని. బాగుపడదు. నిజానికి కాల్షియం బిళ్ళని, థైరాయిడ్ బిళ్ళని ఒకేసారి మింగితే నష్టం. థైరాయిడ్ బిళ్ళలో ఉండే లీవోథైరాక్సిన్‌ని కాల్షియం పేగులోనే పట్టేసుకుంటుంది, రక్తంలోకి వెళ్ళాల్సినంత వెళ్ళనివ్వదు. అందుకే రెండింటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. ఐరన్ బిళ్ళలకీ ఇదే లెక్క. ఈ ఒక్క విషయం ఇంట్లో చెప్పినా మీరు ఇక్కడిదాకా చదివిన టైమ్ గిట్టుబాటే.

ఇంకో కాల్షియం కథ కూడా ఇదే గ్రంథిలో ఉంది. థైరాయిడ్‌లో హార్మోను చేసే కణాల మధ్య సీ-కణాలని వేరే జాతి కణాలు కొన్ని ఉంటాయి. రక్తంలో కాల్షియం పెరిగితే అవి కాల్సిటోనిన్ అనే హార్మోను వదులుతాయి. మనుషుల్లో దాని పాత్ర చిన్నదే. థైరాయిడ్ మొత్తం తీసేసినా కాల్సిటోనిన్ లేదని పెద్దగా ఇబ్బంది రాదు. ఆపరేషన్ తర్వాత కొందరికి వేళ్ళు తిమ్మిరెక్కి కాల్షియం పడిపోవడానికి కారణం వేరు. థైరాయిడ్ వెనక అతుక్కుని ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతినడం వల్ల అలా అవుతుంది. అంటే పేగులో కాల్షియం ఒక కథ, రక్తంలో కాల్షియం ఇంకో కథ. మనం మాట్లాడబోయేది మూడోది: ఒక్క కణం లోపల, సెకన్లలో పెరిగి తగ్గే కాల్షియం. దానికి ఎముకలతోనూ పాలతోనూ సంబంధం లేదు. అదొక సిగ్నల్, అంతే.

ఇప్పుడు గ్రంథి లోపలికి వెళ్దాం. థైరాయిడ్ మొత్తం బరువు ఇరవై గ్రాములు అటూ ఇటూ. మైక్రోస్కోపులో చూస్తే అదంతా చిన్న చిన్న గోళాల గుంపులా ఉంటుంది. ఒక్కో గోళాన్ని ఫాలికల్ అంటారు. గోళం గోడ ఒకే వరుస కణాలతో కట్టినట్టు ఉంటుంది, మధ్యలో జిగురులాంటి పదార్థం నిండి ఉంటుంది. ఆ జిగురు పేరు కొల్లాయిడ్. అందులో ఎక్కువ భాగం థైరోగ్లోబ్యులిన్ అనే భారీ ప్రోటీన్. గోడలో ప్రతి కణానికీ రెండు ముఖాలు. బయటి ముఖం రక్తం వైపు, లోపలి ముఖం కొల్లాయిడ్ వైపు. వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఉన్న ఇల్లు అనుకోండి. టీఎస్‌హెచ్ వచ్చి కొట్టేది వీధి గుమ్మం. అయోడిన్ లోపలికొచ్చేదీ, తయారైన హార్మోను బయటికి పోయేదీ ఆ గుమ్మంలోంచే. కానీ అసలు తయారీ పెరట్లో జరుగుతుంది.

ఈ గ్రంథి విచిత్రం ఇక్కడే ఉంది. మిగతా హార్మోను గ్రంథులు చాలావరకు సరుకుని కణం లోపలే చిన్న సంచుల్లో దాచుకుంటాయి. ఇన్సులిన్ అలాంటిదే. థైరాయిడ్ మాత్రం సరుకుని కణం బయట, పెరట్లో, ఆ పెద్ద ప్రోటీన్‌కి అంటించి దాస్తుంది. నిల్వ కూడా మామూలుగా ఉండదు, రెండు మూడు నెలలకి సరిపడా ఉంటుంది. ఎందుకంత అంటే, హార్మోనుకి కావలసిన అయోడిన్ మట్టిలో అన్నిచోట్లా దొరికేది కాదు. టీ4 అంటే నాలుగు అయోడిన్ పరమాణువులున్న హార్మోను, టీ3 అంటే మూడున్నది. పెద్దవాళ్ళకి రోజుకి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములే, కానీ హిమాలయాల కింద చాలా ఊళ్ళకి ఆ మాత్రం కూడా అందేది కాదు. దీనికి ఉప్పుతో జవాబు చెప్పొచ్చని కాంగ్రా లోయలో 1956లో మొదలైన అధ్యయనంతో చూపించింది మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు. మన వంటింట్లో అయోడైజ్డ్ ఉప్పు ప్యాకెట్ వెనక ఆయన పని ఉంది. ఆయన మీద వేరే వ్యాసమే రాయాలి, ఇక్కడ ఆపుతాను.

కాబట్టి థైరాయిడ్ కణానికి రెండు వేరు వేరు పనులున్నాయి. ఒకటి పెరట్లో సరుకు తయారుచేసి నిల్వ పెట్టడం. రెండోది ఆ నిల్వలోంచి కొంచెం కొంచెం తెచ్చి రక్తంలోకి వదలడం. రెండింటికీ టీఎస్‌హెచ్ ఒక్కటే బాస్. ఇది గుర్తుంచుకుంటే కాల్షియం పాత్ర తేలిగ్గా తెలుస్తుంది.

అసలు సిగ్నల్‌గా కాల్షియమే ఎందుకు? కణం బయట ద్రవంలో కాల్షియం అయాన్లు ఒక మిల్లీమోలార్ పైన ఉంటాయి. కణం లోపల మామూలు సమయంలో 100 నానోమోలార్ దగ్గర. అంటే బయటికీ లోపలికీ తేడా దాదాపు పదివేల రెట్లు. ఈ తేడా ఊరికే రాలేదు. కణం తన శక్తిలో కొంత ఖర్చుపెట్టి, పంపులతో కాల్షియాన్ని అదేపనిగా బయటికి తోడేస్తుంది. కొంత లోపలే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే మడతల సంచిలోకి నింపుతుంది. తోడకపోతే కుదరదు. కణమంతా ఫాస్ఫేటుతో నడుస్తుంది, కాల్షియం ఎక్కువైతే ఫాస్ఫేటుతో కలిసి గడ్డకట్టి కూర్చుంటుంది. ఇలా అవసరం కొద్దీ కట్టుకున్న ఆనకట్టని జీవం సిగ్నల్‌గా వాడేసుకుంది. నీళ్ళు అంత ఎత్తున నిలబడి ఉన్నప్పుడు గేటు రవ్వంత ఎత్తినా దిగువన మట్టం ఒక్కసారిగా మారిపోతుంది కదా. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన రోజు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

కాల్షియం శరీరంలో ఎముకలకే కాదని మొదట గట్టిగా చూపించింది సిడ్నీ రింగర్. లండన్‌లో, 1883లో. కప్ప గుండెని ఉప్పునీళ్ళలో ఉంచి కొట్టుకునేలా చేసేవాడు. కుళాయి నీళ్ళతో చేసిన ద్రావణంలో గుండె బాగానే కొట్టుకునేది, డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే ఆగిపోయేది. కుళాయి నీళ్ళలో ఉన్నదీ, డిస్టిల్డ్ వాటర్‌లో లేనిదీ ఏంటని వెతికితే కాల్షియం తేలింది. సరిగ్గా వందేళ్ళకి, 1983లో, కేంబ్రిడ్జ్‌లో మైకేల్ బెర్రిడ్జ్, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన సహచరులు కలిసి, కణం లోపలి సంచిలో ఉన్న కాల్షియం గేటు తెరిచే తాళంచెవి ఏంటో కనిపెట్టారు. దాని పేరు ఐపీ3. అది కణపొరలో ఉండే ఒక కొవ్వు పదార్థాన్ని కోస్తే వచ్చే చిన్న ముక్క. వాళ్ళు చూసింది ప్యాంక్రియాస్ కణాల్లో. తర్వాత చూస్తే ఈ తాళంచెవి శరీరంలో ఎక్కడ చూసినా ఉంది, థైరాయిడ్‌లో కూడా.

టీఎస్‌హెచ్ తలుపు కొట్టే చోటుని టీఎస్‌హెచ్ రిసెప్టర్ అంటారు. దాని జన్యువుని 1989లో గుర్తించారు. ఆ పని చేసిన ల్యాబుల్లో బ్రసెల్స్‌లోని జాక్ డ్యూమాంట్ బృందం ఒకటి. ఈ కథలో సగం బ్రసెల్స్‌లోనే జరిగింది. ఆ రిసెప్టర్ కణపొర లోపలి వైపు జీ-ప్రోటీన్లని పిలుస్తుంది. ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. జీ-ఎస్ అనే ప్రోటీన్‌ని పిలిస్తే సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. జీ-క్యూ అనేదాన్ని పిలిస్తే ఐపీ3 పుడుతుంది, సంచి గేటు తెరుచుకుంటుంది, కణం లోపల కాల్షియం ఒక్కసారిగా లేస్తుంది. ఆ సంచి ఖాళీ అవుతోందని తెలిసి కణపొరలో ఇంకో గేటు తెరుచుకుని బయటి నుంచి కూడా కాల్షియం వస్తుంది. మొదటి ఎగసిపాటు పెద్దది, తర్వాతది తక్కువ ఎత్తులో ఎక్కువసేపు నిలుస్తుంది.

రెండు దారులూ ఒకే సమయానికి తెరుచుకోవు. కొద్దిపాటి టీఎస్‌హెచ్‌కే సైక్లిక్ ఏఎంపీ దారి లేస్తుంది. కాల్షియం దారి లేవాలంటే అంతకంటే చాలా ఎక్కువ టీఎస్‌హెచ్ కావాలి. ఇంకో తమాషా, ఇది అన్ని జంతువుల్లోనూ ఒకేలా లేదు. మనిషి థైరాయిడ్‌లో టీఎస్‌హెచ్ రెండు దారుల్నీ తెరుస్తుంది. కుక్క థైరాయిడ్‌లో టీఎస్‌హెచ్‌కి కాల్షియం దారి తెరుచుకోదు, అక్కడ ఆ పని ఎసిటైల్‌కోలిన్ లాంటి వేరే కబుర్లది. థైరాయిడ్ మీద పాత ప్రయోగాలు చాలావరకు కుక్క కణాల మీద చేసినవి కాబట్టి, పుస్తకాల్లో కాల్షియంకి చోటు తక్కువ దొరకడానికి అది కూడా ఒక కారణమని నా అనుమానం.

సరే, కాల్షియం లేచింది. లేచి ఏం చేస్తుంది?

పెరట్లోకి వెళ్దాం. అయోడిన్ రక్తంలోంచి అయోడైడ్ రూపంలో కణంలోకి వస్తుంది, కణం దాటి పెరటి గుమ్మంలోంచి కొల్లాయిడ్ వైపు పోతుంది. కానీ అయోడైడ్ అలాగే థైరోగ్లోబ్యులిన్‌కి అంటుకోదు. దాన్ని ఆక్సీకరణ చేయాలి. ఆ పని చేసే ఎంజైము థైరాయిడ్ పెరాక్సిడేజ్. దానికి ముడిసరుకుగా హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. అవును, మెడికల్ షాపులో దెబ్బలు కడగడానికి అమ్మేదే. జుట్టు రంగు తీసేసేదీ, బ్యాక్టీరియాని చంపేదీ అయిన ఆ పదార్థాన్ని మన మెడలో ఒక గ్రంథి జీవితాంతం తయారు చేసుకుంటూనే ఉంటుంది. నాకు ఈ మొత్తం విషయంలో నమ్మబుద్ధి కానిది ఇదే.

దాన్ని తయారుచేసే యంత్రం పేరు డ్యుయాక్స్2. పూర్తి పేరు డ్యుయల్ ఆక్సిడేజ్. 1999, 2000 సంవత్సరాల్లో గుర్తించారు. ఇది పెరటి గుమ్మం పొరలో అమర్చి ఉంటుంది. లోపలి వైపు నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని, బయట కొల్లాయిడ్ అంచులో పెరాక్సైడ్ చేస్తుంది. అంటే విషం లాంటి పదార్థం కణం లోపల పుట్టకుండా, వాడే ఎంజైము పక్కనే పుడుతుంది. డిజైన్ చూడండి. ఈ యంత్రానికి కణం లోపలి వైపు వేలాడే భాగంలో రెండు జేబుల్లాంటి చోట్లున్నాయి. వాటిలో కాల్షియం అయాన్లు వచ్చి కూర్చుంటేనే యంత్రం సరిగ్గా తిరుగుతుంది. కాల్షియం తగ్గితే వేగం పడిపోతుంది. కాబట్టి టీఎస్‌హెచ్ గట్టిగా తలుపు కొట్టినప్పుడు లేచిన కాల్షియం నేరుగా వచ్చి ఈ యంత్రం మీద చెయ్యి వేస్తుంది. మధ్యలో వేరే గుమాస్తా కూడా లేడు.

ఇంత నేరుగా ఎందుకు అన్నదానికి నాకు తోచిన జవాబు, పెరాక్సైడ్ స్వభావంలోనే ఉంది. అది నిల్వ పెట్టుకోవడానికి వీల్లేని సరుకు. ఎక్కువైతే కణం డీఎన్ఏనే కొరుకుతుంది. తక్కువైతే హార్మోను ఆగిపోతుంది. అలాంటి పనికి జన్యువుల్ని మేల్కొలిపి, కొత్త ప్రోటీన్ చేయించి, గంటల తర్వాత ఆపడం కుదరదు. సెకన్లలో లేచి, పంపులు తోడేయగానే సెకన్లలో దిగిపోయే సిగ్నల్ కావాలి. కాల్షియం అలాంటిది.

అయోడైడ్ పెరట్లోకి పోయే దారిలోనూ కాల్షియం చెయ్యి ఉంది. ఆ గుమ్మంలో పెండ్రిన్ అనే ప్రోటీన్ ఉంటుందని చాలాకాలంగా తెలుసు. అది లోపిస్తే పుట్టుకతో చెవుడు, గొంతు వాపు కలిసి వచ్చే పెండ్రెడ్ సిండ్రోమ్ వస్తుంది. కానీ పెండ్రిన్ లేనివాళ్ళలో కూడా కొంతమందికి థైరాయిడ్ బాగానే నడుస్తుంది. అంటే అక్కడ ఇంకో తలుపు ఉండాలి. 2008లో మూడు ల్యాబులు విడివిడిగా గుర్తించిన అనోక్టమిన్-1 అనే ఛానెల్ థైరాయిడ్‌లో కూడా ఉందని తర్వాత తేలింది. అది కాల్షియం పెరిగితే తెరుచుకునే తలుపు, అయోడైడ్‌ని కూడా పోనిస్తుంది. ఒకే కాల్షియం కెరటం ముడిసరుకు తలుపునీ తెరుస్తుంది, యంత్రాన్నీ తిప్పుతుంది.

ఇక విడుదల సంగతి. ఇక్కడ కథ తిరగబడుతుంది.

రక్తంలోకి హార్మోను వదలాలంటే కణం తన పెరట్లోంచి కొల్లాయిడ్‌ని గుక్కలు గుక్కలుగా మింగాలి. టీఎస్‌హెచ్ ఎక్కువ ఇస్తే పెరటి ముఖం నుంచి కణపొర నాలుకల్లాగా సాగి కొల్లాయిడ్ ముద్దల్ని చుట్టేసి లోపలికి లాక్కోవడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. ఆ ముద్దలు లైసోజోములతో కలుస్తాయి, అక్కడి ఎంజైములు థైరోగ్లోబ్యులిన్‌ని ముక్కలు చేస్తాయి, అందులోంచి టీ4, టీ3 విడిపోయి వీధి గుమ్మంలోంచి రక్తంలోకి పోతాయి. నిల్వ పెట్టిన ఊరగాయ జాడీలోంచి రోజూ గరిటెడు తీసినట్టు. ఈ గరిటెని నడిపేది సైక్లిక్ ఏఎంపీ.

ఆపరేషన్లలో తీసిన మనిషి థైరాయిడ్‌ని పలచని ముక్కలుగా కోసి, ఒక్కో దారిని విడివిడిగా తట్టి లేపి చూశారు బ్రసెల్స్ వాళ్ళు. సైక్లిక్ ఏఎంపీని పెంచితే హార్మోను విడుదల పెరిగింది. కాల్షియం దారిని లేపితే పెరాక్సైడ్ తయారీ, అయోడిన్ అంటుకోవడం పెరిగాయి, విడుదల మాత్రం పెరగలేదు. పైగా సైక్లిక్ ఏఎంపీ పెంచిన విడుదలని కాల్షియం దారి తగ్గించింది. ఈ బ్రేకు ఎలా పడుతుందో ఒక మార్గం కుక్క థైరాయిడ్‌లో బాగా తెలిసింది. కాల్షియం వెళ్ళి కాల్మాడ్యులిన్ అనే చిన్న ప్రోటీన్‌కి అంటుకుంటుంది. ఒక్కో కాల్మాడ్యులిన్ నాలుగు కాల్షియం అయాన్లని పట్టుకుంటుంది. అలా నిండిన కాల్మాడ్యులిన్ వెళ్ళి సైక్లిక్ ఏఎంపీని ముక్కలు చేసే ఎంజైముని లేపుతుంది. అంటే కాల్షియం వచ్చి తన జోడీ దూతనే తగ్గిస్తోంది.

మొదట చదివినప్పుడు ఇది పిచ్చి డిజైన్‌లా అనిపిస్తుంది. తయారీని పెంచి, విడుదలని ఆపడం ఏంటి? కొంచెం ఆలోచిస్తే అర్థముంది. కొల్లాయిడ్‌ని మింగేదీ, కొత్త అయోడిన్ అంటించేదీ ఒకే గుమ్మం దగ్గర. విడుదల ఒక్కటే పెరిగితే నిల్వ కరిగిపోతుంది, కొత్త సరుకు వెనకబడుతుంది. ఓఎస్ క్లాసులో చెప్పే ప్రొడ్యూసర్, కన్స్యూమర్ కథ గుర్తుందా? బఫర్ ఒకటి, నింపేవాడొకడు, తీసేవాడొకడు. తీసేవాడిది వేగం ఎక్కువైతే బఫర్ ఖాళీ. ఇక్కడ టీఎస్‌హెచ్ ఎంత గట్టిగా కొడితే అంతగా నింపేవాడు కూడా లేస్తాడు, తీసేవాడి చెయ్యి కాస్త పట్టుకుంటారు. తక్కువ టీఎస్‌హెచ్‌కి విడుదల దారి ఒక్కటే చాలు, నిల్వ ఎలాగూ నెలలకి సరిపడా ఉంది. టీఎస్‌హెచ్ బాగా పెరిగిందంటే శరీరం నిజంగా కొరతలో ఉందని అర్థం, అప్పుడు ఫ్యాక్టరీ కూడా లేవాలి. ఈ పోలిక నాది, శాస్త్రవేత్తలది కాదు. కానీ రెండు దారుల మోతాదుల తేడాకి ఇది సరిపోతుంది.

ఇదంతా గాజు పాత్రలో ముక్కల మీద చూసింది కదా, బతికున్న శరీరంలో కాల్షియం దారికి నిజంగా అంత విలువ ఉందా అని అడగొచ్చు. అడిగారు కూడా. 2007లో రెండు జవాబులు వచ్చాయి. ఒకటి ఎలుకల్లో. థైరాయిడ్ కణాల్లో మాత్రమే జీ-క్యూ జాతి ప్రోటీన్లు లేకుండా పెంచిన ఎలుకలవి. సైక్లిక్ ఏఎంపీ దారి వాటిలో అలాగే ఉంది. అయోడైడ్ కణంలోకి రావడం కూడా మామూలుగానే ఉంది. కానీ టీఎస్‌హెచ్ ఇచ్చినా అయోడిన్ అంటుకోవడం బాగా తగ్గింది, విడుదలా తగ్గింది. పెద్దయ్యేసరికి చాలా ఎలుకలకి థైరాయిడ్ లోపం వచ్చింది. విడుదల తగ్గడం చూస్తే, కాల్షియం బ్రేకు అన్న మాటకి ఇది ఎదురు కదా అనిపిస్తుంది. నాకు అర్థమైనంతలో రెండూ వేరు వేరు గడియారాల మీద జరిగేవి. ఒక ముక్కని కొన్ని గంటలు చూస్తే బ్రేకు కనబడుతుంది. పుట్టినప్పటి నుంచి ఆ దారే లేకపోతే జాడీ నిండదు, నిండని జాడీలోంచి గరిటె ఎంత తిప్పినా వచ్చేది తక్కువే.

రెండో జవాబు మనుషుల్లో. ఒక కుటుంబంలో టీఎస్‌హెచ్ రిసెప్టర్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఆ మార్పు వల్ల రిసెప్టర్ సైక్లిక్ ఏఎంపీ దారిని బాగానే పిలుస్తుంది, కాల్షియం దారిని పిలవలేదు. వాళ్ళ రక్తంలో టీఎస్‌హెచ్ ఎక్కువ ఉంది. గ్రంథి అయోడిన్‌ని ఆబగా లాక్కుంటోంది, కానీ లాక్కున్నదాన్ని సరిగ్గా అంటించలేకపోతోంది. ప్రకృతే ఒక వైరు కత్తిరించి చూపించినట్టు.

ఇక్కడ ఈసీఈ మిత్రుల కోసం ఒక మాట. కాల్షియం సిగ్నల్ ఎంత ఎత్తు లేచింది అన్నదే కాదు, ఎన్నిసార్లు లేచింది అన్నది కూడా సమాచారమే. 1986లో కాలేయ కణాల్లో చూశారు: హార్మోను మోతాదు పెంచితే కాల్షియం స్పైకుల ఎత్తు పెద్దగా మారలేదు, అవి వచ్చే ఫ్రీక్వెన్సీ పెరిగింది. మనం రేడియోలో ఏఎం వదిలి ఎఫ్ఎంకి ఎందుకు వచ్చామో కణాలకి ఎప్పుడో తెలుసన్నమాట. ఇవన్నీ కళ్ళతో చూడగలగడానికి కారణం రోజర్ చెన్ 1980లలో చేసిన ఫ్యూరా-2 లాంటి రంగులు. కాల్షియం అంటుకుంటే వాటి వెలుగు మారుతుంది. యూట్యూబ్‌లో కాల్షియం ఇమేజింగ్ అని వెతికి చూడండి, దీపావళి రాత్రి డాబా మీంచి ఊరు చూసినట్టుంటుంది.

ఇంతదాకా ఇది తెలుసుకుంటే బాగుంటుంది అనిపించే విషయం. ఒకచోట మాత్రం ఇది బతుకు ప్రశ్న అవుతుంది: పసిపిల్లల్లో. ప్రపంచంలో సుమారు 2000 నుంచి 4000 మందికి ఒక శిశువు థైరాయిడ్ లోపంతో పుడుతుంది. చాలామందిలో గ్రంథి సరిగ్గా ఏర్పడకపోవడం కారణం. కొందరిలో గ్రంథి ఉంటుంది, టీఎస్‌హెచ్ తలుపు కొడుతుంది, కాల్షియం లేస్తుంది, కానీ దాని మాట వినాల్సిన డ్యుయాక్స్2 యంత్రం చెడిపోయి ఉంటుంది. 2002లో ఈ జన్యువులో మార్పులున్న పిల్లల్ని మొదటిసారి వివరించారు. అలాంటి గ్రంథికి అయోడిన్ ఇస్తే లోపలికి లాక్కుంటుంది, కానీ పెరాక్సైడ్ లేక అంటించలేదు. పెర్‌క్లోరేట్ అనే మందు ఇవ్వగానే ఆ అయోడిన్ అంతా బయటికి కారిపోతుంది. ఈ కారిపోవడాన్ని కొలిచే పరీక్షే ఉంది. పెరట్లో పని ఆగిందని డాక్టర్లకి వీధిలోంచే తెలిసే ఉపాయం అది.

విచిత్రం ఏంటంటే, డ్యుయాక్స్2 లోపమున్న పిల్లల్లో కొందరికి కొన్నేళ్ళ తర్వాత మందు అవసరమే లేకుండా పోతుంది. యంత్రం బాగుపడలేదు. పక్కన డ్యుయాక్స్1 అని దాని తోబుట్టువు ఉంటుంది, అది కొంత పెరాక్సైడ్ ఇవ్వగలదు. పైగా ఎదిగేకొద్దీ అవసరం తగ్గుతుంది. మందు లెక్క చూస్తే ఇది తెలుస్తుంది: థైరాయిడ్ పని చేయని పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1.6 మైక్రోగ్రాముల లీవోథైరాక్సిన్ ఇస్తే, అప్పుడే పుట్టిన బిడ్డకి కిలోకి 10 నుంచి 15 ఇస్తారు. ఆ మొదటి నెలల్లో ఒక మోస్తరు యంత్రం సరిపోదు, ఐదేళ్ళ పిల్లాడికి అదే యంత్రం సరిపోవచ్చు.

కానీ ఆ మొదటి నెలల్లోనే మెదడు కట్టుకుంటోంది. పుట్టగానే బిడ్డ చూడటానికి మామూలుగానే ఉంటుంది, అమ్మ దగ్గర నుంచి వచ్చిన హార్మోను కొంత ఉంటుంది కాబట్టి. లక్షణాలు కనిపించేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. అందుకే పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ మీద చిన్న సూదితో గుచ్చి, రక్తం చుక్కల్ని ఫిల్టర్ కాగితం మీద పట్టి, టీఎస్‌హెచ్ చూస్తారు. పెరిగి ఉంటే రెండు వారాల లోపే బిళ్ళ పొడి చేసి పాలలోనో నీళ్ళలోనో కలిపి పట్టడం మొదలుపెడతారు. మీ ఇంట్లో అక్కకో వదినకో కాన్పు దగ్గర పడితే, ఆసుపత్రిలో ఈ మడమ పరీక్ష చేస్తారా అని ముందే అడగండి. అన్నిచోట్లా అడక్కుండా చేయరు.